రైలు రాకముందు అరకు: పాత టోపో షీట్ వెతికి, చదివి, నేటి నేల మీద పరిచే పద్ధతి

అరకు రైలెక్కిన ప్రతివాళ్లూ సొరంగాలు లెక్కపెడతారు. ఆ లైను వయసు గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన దారి అది. మరి అంతకు ముందు మైదానం నుంచి ఈ లోయలోకి జనం ఎటునుంచి ఎక్కేవారు? సంత ఎక్కడ జరిగేది? ఇప్పుడున్న ఊళ్లలో అప్పటికే ఉన్నవి ఏవి? పెద్దవాళ్ల జ్ఞాపకం తర్వాత ఈ ప్రశ్నలకు కాస్త నమ్మదగిన జవాబు దొరికేది సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లలోనే, అంటే కొండలు, వాగులు, దారులు, ఊళ్లు కొలిచి వేసిన పటాల్లోనే. అవి చేతికొచ్చాక చాలామంది ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలిస్తారు. మనం అంతకంటే కాస్త ఎక్కువ పని చేయించుకుందాం. అరకును ఉదాహరణగా తీసుకుంటున్నాను కానీ, మీది పాడేరు అయినా, మారేడుమిల్లి అయినా పద్ధతి ఇదే.

ముందు ఒక ప్రశ్న రాసుకోండి

"పాత అరకు చూడాలి" అనుకుని మొదలుపెడితే షీట్ ముందు గంటసేపు కూర్చుని, బాగుంది అనుకుని లేచిపోతారు. "మా తాత నడిచిన కొండదారి ఏ గెడ్డ (కొండవాగు) పక్కన దిగేది?" అన్నలాంటి ఒక్క ప్రశ్న చాలు. ఏ స్కేలు కావాలో, ఏ కాలం నాటి షీట్ కావాలో ఆ ప్రశ్నే చెబుతుంది. కాలిబాట వెతకాలంటే అంగుళానికి ఒక మైలు చూపే షీట్ తప్పనిసరి. లోయ ఎలా పరుచుకుందో తెలిస్తే చాలు అనుకుంటే అంగుళానికి నాలుగు మైళ్ల షీట్ సరిపోతుంది.

షీట్ నంబరు మీరే లెక్కగట్టుకోండి

ఇది నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ఆఫీసులో అడిగినా, లైబ్రరీలో వెతికినా "అరకు మ్యాప్" అంటే దొరకదు, నంబరు చెబితే దొరుకుతుంది.

సర్వే ఆఫ్ ఇండియా పాత పద్ధతిలో దేశాన్ని నాలుగు డిగ్రీల గళ్లుగా కోశారు. 16 నుంచి 20 ఉత్తర అక్షాంశాల మధ్య, 80 నుంచి 84 తూర్పు రేఖాంశాల మధ్య ఉన్న గడి నంబరు 65. ఆ గడిని ఒక్కో డిగ్రీ చొప్పున 16 ముక్కలు చేసి ఏ నుంచి పి దాకా అక్షరాలు ఇచ్చారు. అక్షరాలు ఎడమ పై మూలలో మొదలై కిందికి దిగుతాయి. ఒక నిలువు వరస అయ్యాక పక్క వరసలో మళ్లీ పైనుంచి మొదలవుతాయి. చాలామంది వీటిని అడ్డంగా లెక్కపెట్టి తప్పు షీట్ తెచ్చుకుంటారు.

అరకు సుమారుగా 18 డిగ్రీల 20 నిమిషాల అక్షాంశం, 82 డిగ్రీల 52 నిమిషాల రేఖాంశం దగ్గర ఉంది. 82-83 రేఖాంశాల నిలువు వరసలో ఐ, జె, కె, ఎల్ ఉంటాయి. 18-19 అక్షాంశాలది పైనుంచి రెండో గడి, అంటే జె. ఇప్పుడు 65 జె ని మళ్లీ 15 నిమిషాల చొప్పున 16 ముక్కలు చేసి, ఇదే తీరులో కిందికి దిగుతూ 1 నుంచి 16 దాకా నంబర్లు వేశారు. 82 డిగ్రీల 45 నిమిషాల నుంచి 83 డిగ్రీల దాకా ఉన్న చివరి వరసలో 13, 14, 15, 16 ఉంటాయి. అరకు పైనుంచి మూడో దాంట్లో పడుతుంది. మన షీట్ 65 జె/15.

పక్క షీట్ల నంబర్లు కూడా రాసుకోండి. పడమర 65 జె/11, దక్షిణాన 65 జె/16. తూర్పున గడి మారిపోయి 65 ఎన్/3 వస్తుంది, బొర్రా గుహలు అందులో ఉంటాయి. ఇక అనంతగిరి సరిగ్గా నాలుగు షీట్లు కలిసే మూలకు దగ్గరలో పడింది. ఘాట్ దారి చూడాలనుకునేవాళ్లకు ఒక్క షీట్‌తో పని జరగదు, నాలుగూ కావాలి. సర్వేవాళ్లు ఊళ్లను చూసి కోయలేదు మరి.

అంగుళానికి రెండు మైళ్ల షీట్ కావాలంటే దాన్ని 65 జె/ఎస్ఈ అంటారు, అంటే ఆగ్నేయ పావు. అంగుళానికి నాలుగు మైళ్లది మొత్తం 65 జె. ఇప్పుడు మామూలు జనానికి ఇచ్చే ఓపెన్ సిరీస్ షీట్ల నంబర్లు వేరు. ఈ ప్రాంతానివి ఈ44 తో మొదలవుతాయి. కొత్త నంబరు పట్టుకుని పాత షీట్ల కేటలాగులో వెతికితే ఏమీ దొరకదు.

ఎక్కడ దొరుకుతాయి

ఖర్చు లేకుండా ఇంట్లో కూర్చుని దొరికేది అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీస్ 1950లలో వేసిన యు502 సిరీస్. టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ వీటిని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది. అరకు ఉన్న షీట్ ఎన్ఈ 44-8. స్కేలు 1:2,50,000 కాబట్టి కాలిబాటల వివరం ఆశించకండి. కొండల వరసలు, పెద్ద గెడ్డలు, ముఖ్యమైన బండి దారులు తెలుస్తాయి. వాళ్లు ఇక్కడికి వచ్చి కొలిచింది కాదు, చాలామటుకు మన పాత సర్వే షీట్లనే కూర్చి వేశారు. అందుకే షీట్ మీద 1950ల తేదీ ఉన్నా లోపలి సమాచారం అంతకంటే పాతది కావచ్చు.

నేటి షీట్ కోసం సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో లాగిన్ అయితే ఓపెన్ సిరీస్ పీడీఎఫ్ దించుకోవచ్చు. పోల్చి చూడటానికి ఇది తప్పక కావాలి. ఒకప్పుడు తీరానికి, సరిహద్దుకు దగ్గరున్న షీట్లు మామూలు జనానికి ఇచ్చేవారు కాదు. 2005 మ్యాప్ విధానంతో కొంత, 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో ఇంకా ఎక్కువ సడలింపు వచ్చింది.

అసలైన పాత అంగుళం షీట్ల కోసం కాళ్లకు పని చెప్పాలి. ఈ ప్రాంతం మద్రాస్ ప్రెసిడెన్సీ కిందిది కాబట్టి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ అడగదగ్గ చోట్లు. పాత యూనివర్సిటీల జాగ్రఫీ, జియాలజీ డిపార్ట్‌మెంట్ల బీరువాలను మాత్రం తక్కువ అంచనా వేయకండి. వెతికేటప్పుడు పేర్లు పాత స్పెల్లింగ్‌లో రాయండి: విశాఖపట్నం కాదు, వైజాగపటం. కోరాపుట్ వైపు కావాలన్నా వైజాగపటం కిందే చూడాలి, ఎందుకంటే 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా అదంతా ఈ జిల్లాలోదే.

కాపీ తీయించేటప్పుడు ఒక జాగ్రత్త. నేనొకసారి ఒక జిరాక్స్ షాపులో ఇచ్చి టీ తాగి వచ్చేలోపు, ఆ అబ్బాయి షీట్‌ను "ఫిట్ టు పేజ్" పెట్టి చిన్న కాగితం మీదకు కుదించేశాడు. అంగుళానికి మైలు అన్నది అక్కడితో పోయింది. ఏం జరిగినా అడుగున ఉండే స్కేలు గీత కాపీలో పడేలా చూసుకోండి. కాగితం కుంచించుకుంటే ఆ గీతా కుంచించుకుంటుంది కాబట్టి కొలత తప్పదు. వీలైతే 300 లేదా 400 డీపీఐలో, మడత విప్పి, చదునుగా స్కాన్ చేయించండి. 300 డీపీఐ అంటే అంగుళం షీట్ మీద ఒక్కో చుక్కకు సుమారు 5.4 మీటర్ల నేల. మన పనికి అది చాలు.

బొమ్మ కంటే ముందు అంచులు చదవండి

షీట్ చేతికి రాగానే కన్ను ఊరి పేరు మీదకు పోతుంది. ఆపుకోండి. ముందు నాలుగు అంచులూ చదివి ఒక కాగితం మీద రాసుకోండి.

మొదట సంవత్సరాలు. సర్వే చేసిన ఏడాది వేరు, అచ్చు వేసిన ఏడాది వేరు, మళ్లీ అచ్చు వేసిన ఏడాది ఇంకొకటి. మూల మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచుగా అచ్చు సంవత్సరమే. మనకు కావాల్సింది సర్వే సంవత్సరం. ఈ రెంటి మధ్య ఇరవై ఏళ్ల తేడా కూడా ఉండొచ్చు. "ఈ షీట్ ఫలానా ఏడాదిది, అందులో మా ఊరు లేదు" అని తొందరపడి ఎవరితోనూ వాదానికి దిగకండి.

తర్వాత రేఖాంశం గురించిన గమనిక. మరీ పాత షీట్ల అంచున, మద్రాస్ అబ్జర్వేటరీ రేఖాంశాన్ని ఇంతగా తీసుకున్నాం, కాబట్టి ఇన్ని నిమిషాలు సరిచేసుకోవాలి అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి మొదలుపెట్టిన త్రికోణ సర్వే నుంచి వచ్చిన వారసత్వం ఇది. నేల కొలతలు బాగానే ఉన్నాయి, మద్రాసు గ్రీనిచ్‌కు ఎంత దూరమన్నదే ఆ తర్వాత మెరుగైంది. అరకు దగ్గర ఒక నిమిషం రేఖాంశం అంటే దాదాపు 1.76 కిలోమీటర్లు. రెండు నిమిషాల సవరణ వదిలేస్తే మీ ఊరు పక్క లోయలోకి పోతుంది.

మూడోది కాంటూరు గీతల మధ్య ఎత్తు తేడా. స్కూల్లో సమోన్నత రేఖలు అని చదువుకున్నవే. పాత అంగుళం షీట్లలో అడుగుల్లో, తర్వాతి 1:50,000 షీట్లలో మీటర్లలో ఉంటుంది, సాధారణంగా 20 మీటర్లు. పాత షీట్‌లో 3,000 అని కనిపిస్తే అది అడుగులే, అంటే 914 మీటర్లు. అరకు లోయ అడుగు భాగం కాస్త అటూ ఇటూగా ఆ ఎత్తులోనే ఉంటుంది.

గీతల్లో ఏం చూడాలి

రంగులు తేలిక. గోధుమ రంగు ఎత్తు గీతలు, నీలం నీళ్లు, ఆకుపచ్చ అడవి, పసుపు సాగు భూమి, ఎరుపు ఇళ్లూ దారులూ. ఎండిన వాగును నల్లగా వేస్తారు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ కొండల్లో జ్వరాలకు భయపడి సర్వే జట్లు వానలు తగ్గాక, చలికాలంలో తిరిగేవి. మ్యాప్ మీద నీలం కనిపించిందంటే ఆ రోజుల్లో నీళ్లున్నాయని అర్థం. మే నెల గురించి ఆ మ్యాప్ ఏమీ చెప్పదు.

పసుపు రంగు దగ్గర ఇంకా జాగ్రత్త. లోయ అడుగున ఉన్న వరి మడులను సర్వేయర్ సాగుగా గుర్తిస్తాడు. కొండవాలు మీద పోడు అయితే? ఒక ఏడు కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు పండించి వదిలేసిన వాలు అతను వచ్చిన నాటికి పొదలతో ఉంటే, అది మ్యాప్‌లో పొదల నేల. అక్కడ సాగు లేనట్టు కనిపించినంత మాత్రాన ఎవరూ బతకలేదని అనుకోవద్దు.

ఇప్పుడు దారి వెతుకుదాం. ఎర్రని చుక్కల గీత కాలిబాట. ఎత్తు గీతల్ని ఆ బాట ఎలా దాటుతోందో భూతద్దంతో చూడండి. గీతలకు ఇంచుమించు సమాంతరంగా, పక్కవాటుగా పోతూ మెల్లగా ఎక్కితే అది బరువులు మోసేవాళ్లు, పశువులు వాడిన దారి. గీతల్ని నిట్టనిలువుగా కోస్తూ పోతే వట్టి చేతులతో నడిచేవాళ్ల అడ్డదారి. ఎక్కుడు ఎంతో లెక్క కూడా కట్టొచ్చు. అర అంగుళంలో, అంటే అర మైలులో, 100 అడుగుల గీతలు ఐదు దాటితే 2,640 అడుగుల నడకకు 500 అడుగుల ఎక్కుడు. ప్రతి ఐదారు అడుగులకు ఒక అడుగు పైకి అన్నమాట. నెత్తిన ఉప్పు బస్తాతో అది ఎలా ఉంటుందో ఊహించుకుంటే సంతకు వెళ్లేవాళ్లు చుట్టుదారిని ఎందుకు పట్టేవారో వేరే చెప్పక్కర్లేదు.

సంత గుర్తులు వెతకండి. వారం పేరుతో సహా వేసే అలవాటు సర్వేవాళ్లకు ఉంది. నాలుగైదు సంతల వారాలు ఒక కాగితం మీద రాసి, వాటి మధ్య బాటలు కలుపుకుంటూ పోతే వర్తకులు వారమంతా తిరిగిన చుట్టు బయటపడుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సాయంత్రం దీనితో గడిచిందే.

ఊరి పేరు పక్కన "పాడుబడినది" అని గుర్తుంటే దాన్ని వదలకండి. ఊరు లేచిపోవడానికి జ్వరమో, పులో, అప్పులో కారణమై ఉండొచ్చు. మ్యాప్ కారణం చెప్పదు, చోటు మాత్రం చెబుతుంది. పేర్ల చివరలూ చూడండి. వలస, గుడ, పుట్టు, మెట్ట ఒకే షీట్ మీద కలగలిసి కనిపిస్తాయి, ఎందుకంటే ఇక్కడ తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి పక్కపక్కనే మాట్లాడతారు. వాటిని ఇంగ్లీషు లిపిలోకి దించేసరికి ద, డ తేడా పోయింది. ల, ళ తేడా పోయింది. మ్యాప్ మీది స్పెల్లింగ్ చూసి ఊరి పేరుకు అర్థం చెప్పే సాహసం చేయొద్దు.

నేటి నేల మీద పరచడం

దీనికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అందులో జియోరిఫరెన్సర్ (బొమ్మలోని బిందువులకు అక్షాంశ రేఖాంశాలు ఇచ్చే పనిముట్టు) తెరిచి స్కాన్ చేసిన షీట్ ఎక్కించండి. బయటి కాగితం అంచు కాదు, లోపలి చట్రం మూలల మీద క్లిక్ చేయాలి. మన 65 జె/15 కి అంకెలు చక్కగా కుదురుతాయి. ఎడమ కింది మూల అక్షాంశం 18.25, రేఖాంశం 82.75. కుడి పై మూల 18.5, 83.0. షీట్ మీద ప్రతి 5 నిమిషాలకు గీతలు కలిసే చోట్లు కూడా ఇస్తే మొత్తం 16 బిందువులు వస్తాయి. నాలుగు మూలలతో సరిపెట్టుకోకండి. పాత కాగితం అన్నివైపులా ఒకేలా సాగదు, మడతల దగ్గర మరీనూ. యుద్ధకాలం నాటి అచ్చుల మీద వెయ్యి గజాల గళ్లు కూడా ఉంటాయి. అవి సైన్యం గ్రిడ్. వాటిని అక్షాంశ రేఖాంశాలుగా పొరబడితే అంతా తారుమారు.

అసలు తప్పు జరిగేది తర్వాతి పెట్టెలో. కోఆర్డినేట్ పద్ధతి ఏదని అడిగినప్పుడు అలవాటుగా జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 నొక్కేస్తాం (ఆ జాబితాలో దాని కోడ్ ఈపీఎస్‌జీ 4326). మొదటిసారి నేనూ అదే చేశాను. శాటిలైట్ బొమ్మ మీద పరిచి చూస్తే గెడ్డలన్నీ పల్లం వదిలి గట్టెక్కి కూర్చున్నాయి. స్కాన్ పాడైందనుకుని రెండోసారి స్కాన్ చేయించాను కూడా. సంగతేమిటంటే పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం, అంటే భూమి ఆకారానికి అప్పట్లో వాడిన లెక్క, మీద వేసినవి, జీపీఎస్ వాడేది వేరేది. ఈ రెంటి తేడా వల్ల అరకు దగ్గర ప్రతి చుక్కా 200 మీటర్లకు పైగా పక్కకు పోతుంది. అందుకని అక్కడ కల్యాణ్‌పూర్ 1975 ఎంచుకోండి, ఈపీఎస్‌జీ 4146. ప్రాజెక్టును మాత్రం 32644 లో పెట్టండి, అంటే యూటీఎం 44 ఉత్తర మండలం. మిగతా మార్పిడి సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. బొమ్మను సాగదీసి సర్దే పద్ధతి ఏదంటే పాలినామియల్ 1 చాలు. పక్కన చూపే తప్పు ఏదైనా ఒక్క బిందువుకు ఎక్కువగా ఉంటే అంకె తప్పు కొట్టారో, క్లిక్ పక్కకు పోయిందో చూసి ఆ ఒక్కటీ సరిచేయండి.

ఇదంతా టెన్షన్ అనిపిస్తే గూగుల్ ఎర్త్ ప్రోలో బొమ్మను పరిచి, గెడ్డలు కలిసే చోట్లకు చేత్తో సర్దుకోవచ్చు. కచ్చితత్వం తగ్గుతుంది కానీ నడకకు పనికొస్తుంది. సరిపోయిందో లేదో కొండ శిఖరాలతో, గెడ్డలు కలిసే చోట్లతో తేల్చుకోండి. రోడ్లతో తేల్చకండి, అవి మారతాయి.

ఇప్పుడు పాతదాని మీద ఇస్రో భువన్ బొమ్మో, కొత్త ఓపెన్ సిరీస్ షీటో పెట్టి, పై పొర పారదర్శకతను అటూ ఇటూ జరపండి. రైలు గీత మాయమై మళ్లీ వస్తుంది. పడమటి షీట్ 65 జె/11 దగ్గర ఉంటే ఇంకా పెద్ద మార్పు చూస్తారు. 1955లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కోసం జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టారు. అంతకు ముందు సర్వే చేసిన షీట్‌లో అక్కడ రిజర్వాయర్ లేదు, లోయలో నది సన్నగా మెలికలు తిరుగుతూ పోతుంటుంది. ఇప్పటి నీటి అంచును పెన్‌తో గీసి, దాని లోపల పడే ఊళ్ల గుర్తులు, పసుపు మడులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి.

మ్యాప్ పట్టుకుని నడవడం

ఫోన్లో వేసుకోండి, కాగితం మీదా తీసుకెళ్లండి. కొండ మలుపు తిరిగితే సిగ్నల్ ఉండదు. ఊళ్లోకి వెళ్లగానే మ్యాప్ విప్పకండి. మ్యాప్ అంటే భూమి సర్వేకి వచ్చారనుకుంటారు, ఆ భయానికి కారణాలున్నాయి. ముందు ఎవరో, ఎందుకొచ్చారో చెప్పి, పెద్దాయన పక్కన కూర్చుని "తాతా, సంతకు ఎటు దిగేవారు?" అని అడగండి. ఆయన వేలు ఎటు చూపిందో రాసుకున్నాక మ్యాప్ తీయండి. ముందే మ్యాప్ చూపిస్తే మర్యాదకు అవునవును అంటారు, మీ మ్యాప్ మీకే తిరిగి చెప్పినట్టవుతుంది. గెడ్డ పేరు మ్యాప్‌లో ఒకటి, ఊరివాళ్ల నోట ఒకటి ఉంటే రెండూ రాయండి. ఊరివాళ్ల పేరును తెలుగు లిపిలో, విన్నది విన్నట్టు రాయండి.

భూమి తగాదాకు పనికొస్తుందా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. పొలం గట్టు తేల్చడానికి టోపో షీట్ పనికిరాదు. అర మిల్లీమీటరు గీత మందమే నేల మీద 30 మీటర్లు దాటుతుంది. సర్వే నంబర్లు అందులో ఉండవు. దానికి రెవెన్యూవాళ్ల గ్రామ పటం, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) కావాలి.

అటవీ హక్కుల సంగతి వేరు. 2006 చట్టం కింద చేసిన నిబంధనల్లో 13వది, సాక్ష్యంగా చూపదగ్గ ప్రభుత్వ రికార్డుల్లో మ్యాపులనూ శాటిలైట్ బొమ్మలనూ పేరు పెట్టి చెప్పింది. పాత షీట్‌లో ఊరు, బాట, సాగు భూమి కనిపిస్తే గ్రామసభ ముందు పెట్టొచ్చు. అదే నిబంధన ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు పరిశీలించాలని కూడా అంటుంది. కాబట్టి మ్యాప్‌తో పాటు పెద్దల వాంగ్మూలం, పాత శ్మశానం, దేవత గుడి లాంటి ఆనవాళ్లు జతచేయండి. మ్యాప్ ప్రింట్ ఇచ్చేటప్పుడు ఊరున్న ముక్క ఒక్కటే కత్తిరించి ఇవ్వకండి. షీట్ నంబరు, సర్వే సంవత్సరం, స్కేలు గీత ఉన్న అంచులు కూడా అందులో ఉండాలి, లేకపోతే అది ఏ షీటో ఎవరూ నమ్మరు. మీరు గీసిన గీతలు వేరే రంగులో వేసి, అవి మీవేనని కింద రాయండి. గీతలేమీ లేని ఒరిజినల్ స్కాన్‌ను ఇంకో ఫోల్డర్‌లో, 65 జె/15 అని సర్వే ఏడాదితో సహా పేరు పెట్టి, విడిగా దాచండి.